తోడు సిస్టర్లలో బెదురమ్మ

మిల్లు వెనక వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె బెదురమ్మ. కుక్క మొరిగితే బెదురు, గాలికి పైకప్పు రేకు చప్పుడైతే బెదురు. ఎవరైనా తలుపు కాస్త గట్టిగా తడితే చాలు, కుట్టుమిషను మీద చెయ్యి జారి సూది గుడ్డను వదిలి వేలిని వెతుక్కునేది. ముప్పయ్యారేళ్ళు వచ్చినా పెళ్ళి చేసుకోలేదు. "పెళ్ళికొడుకు తుమ్మితే నేను మంచం కింద దూరతాను, పాపం వాడికెందుకొచ్చిన గొడవ" అని తనే అనేది, నవ్వకుండా.

ఆమె ఉండేది తమ్ముడి ఇంట్లో, మూడో అంతస్తులో. ఇల్లంటే ఒక గది, ఒక కిటికీ. కిటికీ దగ్గర ఆమె మిషను. మిల్లు పనివాళ్ళ చొక్కాల కాలర్లు విప్పి, అరిగిన వైపు లోపలికి తిప్పి మళ్ళీ కుట్టేది. అలా కుట్టిన కాలరు ఇంకో ఏడాది లాక్కొచ్చేది. తమ్ముడిది మిల్లులో బాయిలరు దగ్గర పని, మరదలిది నూలు విభాగంలో. పొద్దున సైరను మోగగానే ఇద్దరూ మెట్లు దిగిపోతే, నాలుగేళ్ళ పాప మేనత్త కాళ్ళ దగ్గర గుడ్డపేలికలతో ఆడుకునేది.

ఆ వీధిలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, మంచం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, బయట తాళం వేసి పనికి పోయేవారు. మనసు రాయి చేసుకుని కాదు, వేరే దారి లేక. ఒక్కరోజు మానేస్తే ఆ చోటులో ఇంకొకరు నిలబడతారు. జ్వరం తలకెక్కిన మనిషి లేచి మెట్ల మీద దొర్లిపోతాడేమోనని ఆ తాళం. పగలంతా ఆ తాళాల వెనకనుంచి దగ్గులు, మూలుగులు వినపడేవి. బెదురమ్మ మిషను ఇంకాస్త జోరుగా తొక్కేది, ఆ చప్పుడులో అవి కలిసిపోతాయని.

రెండో అంతస్తులో పంతులమ్మ ఉండేది. చర్చి బడిలో ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పి, కళ్ళు మందగించి మానుకున్న మనిషి. రోజూ పొద్దున్నే చర్చిలో పూజకు వెళ్ళొచ్చి, ఎవరి గోలలోనూ తలదూర్చకుండా ఉండేది. అలాంటిది, ఒకరోజు చేతిలో ఒక తాళంచెవితో పైకొచ్చి బెదురమ్మ గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయ్, కింద మూలగదిలో రంగుల పనివాడి తల్లికి బాగోలేదు. తాళంచెవి నాకిచ్చి పోయాడు. నాతో ఒకసారి రాగలవా?"

"నేనాండీ? నేనొచ్చి ఏం చేస్తానండీ?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది."

బెదురమ్మ ఆ మాట నమ్మలేదు. బడిలో మొండి మగపిల్లలు కూడా ఈ పంతులమ్మ ముందు నీళ్ళు నమిలేవారు. పాప ఉంది, రాలేనంది. పాపను ఎదురింటావిడ చూసుకుంటానందని పంతులమ్మ చెప్పింది. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకుని వచ్చిన మనిషికి ఏం చెప్పి తప్పించుకోవాలో బెదురమ్మకు తోచలేదు.

"లోపలికి రాకు. గుమ్మంలో కూర్చో. నాకు కనపడేలా కూర్చో, అంతే" అంది పంతులమ్మ.

అలా వెళ్ళింది. ముక్కుకు గుడ్డ అడ్డం కట్టుకుని గడప మీద ముడుచుక్కూర్చుంది. లోపల ముసలామె చెక్కలా పడి ఉంది. పరుపు తడిసి రెండు రోజులై ఉంటుంది. పంతులమ్మ రవిక చేతులు పైకి మడుచుకుని, గిన్నెలో నీళ్ళు పోసి, ముసలామె ఒళ్ళు తుడవడం మొదలుపెట్టింది. గిన్నెలో నీళ్ళు అంచు దాటి చిందుతున్నాయి. ఎందుకా అని చూస్తే పంతులమ్మ చేతులు గజగజ వణుకుతున్నాయి. అది చూశాక బెదురమ్మకు ఉన్న కాస్త ప్రాణమూ జారిపోయింది. ఈవిడే ఇలా వణికితే ఇక తన గతేమిటి?

"చలిగాలి కొడుతోంది, ఆ తలుపు దగ్గరగా వెయ్యమ్మా" అంది పంతులమ్మ.

"తలుపు వేస్తే నేనుండనండీ."

"ఏం?"

చెప్పాలనుకోలేదు గానీ నోట్లోంచి వచ్చేసింది. ఆమెకు ఏడేళ్ళప్పుడు తల్లికి జ్వరం వస్తే, తండ్రి పసివాడైన తమ్ముణ్ణి ఎరిగినవాళ్ళింట్లో వదిలి, తల్లీకూతుళ్ళిద్దరినీ లోపల ఉంచి తాళం వేసి పనికి పోయాడు. మధ్యాహ్నానికి తల్లి చెయ్యి చల్లబడింది. సైరను మోగి తండ్రి వచ్చేవరకు ఆ గదిలో తను ఉంది. తలుపు కొట్టీ కొట్టీ అరచేతులు వాచాయి. బయట మనుషులు నడుస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది, పిల్ల అల్లరి చేస్తోంది అనుకున్నారు.

పంతులమ్మ పిండిన గుడ్డ గిన్నె అంచున వేసింది. "సరే, తీసే ఉంచు. అవ్వకు ఇంకో దుప్పటి కప్పుదాం" అంది.

ఆ మర్నాడూ పిలిచింది, ఆ తర్వాతా పిలిచింది. ఎప్పుడూ రానని చెప్పాలనే బెదురమ్మ నోరు తెరిచేది, చివరికి చెప్పులు వేసుకునేది. నెల తిరిగేసరికి గడప మీదినుంచి లేచి గిన్నె పట్టుకుంది. రెండో నెలలో రోగిని పక్కకు తిప్పడానికి భుజం కింద చెయ్యి వేసింది. ఆ వేసిన చేతిని ఇంటికొచ్చి సబ్బుతో ఎర్రగా కందేదాకా తోముకునేది. రాత్రి అన్నం సయించేది కాదు.

పంతులమ్మ గదిలో గోడకు ఒక మేకు ఉండేది. చలికాలం నాటికి అది పదకొండు మేకులైంది, మేకుకొక తాళంచెవి. ఇద్దరితో సరిపోక, రొట్టెల బట్టీలో పనిచేసే ఒక విధవరాలు తోడొచ్చింది. లావుపాటి మనిషి, నవ్వితే మూడిళ్ళకు వినపడేది. తర్వాత ఇంకో ముగ్గురు చేరారు. ఎప్పుడు వెళ్ళినా ఇద్దరు, ఒకరు మంచం దగ్గర, ఒకరు గుమ్మం దగ్గర, తలుపు తెరిచి. వీధివాళ్ళు వాళ్ళను తోడువాళ్ళు అన్నారు. ఇదంతా చూసిన చర్చి ఫాదరు, "ఇలాగే నిలబడితే ఒక మఠవాసుల సభ, సిస్టర్ల సంఘం అవుతుంది. బిషప్పుగారికి రాద్దాం, ముందు మీ నియమాలు కాగితం మీద పెట్టండి" అన్నాడు. పంతులమ్మ గీతల నోటుపుస్తకం తెచ్చి రాయడం మొదలుపెట్టింది. సిస్టరనే మాట తనకు తగిలిస్తారని వినగానే బెదురమ్మ ఆ వారం పంతులమ్మ కంటపడకుండా వెనక మెట్ల మీదుగా తిరిగింది.

అప్పుడే వీధిలోకి గొంతుజ్వరం వచ్చింది.

పెద్దవాళ్ళను అంతగా ముట్టుకోలేదు. పిల్లల మీద పడింది. గొంతులో బూడిదరంగు పొర కట్టి, ఊపిరి ఈలలా వచ్చి, అదీ ఆగిపోయేది. మొదటి వారంలో ముగ్గురు పోయారు. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చి జబ్బున్న ఇళ్ళు వెతకసాగాడు. దొరికిన పిల్లల్ని ఊరిబయట అంటురోగాల షెడ్డుకు తీసుకుపోయేవారు. అక్కడికి వెళ్ళిన పిల్లలు తిరిగొచ్చిన దాఖలా లేదు. భయం పట్టిన వీధికి ఎవరో ఒకరు కావాలి, తోడువాళ్ళు దొరికారు. "ఇల్లిల్లూ తిరిగి వీళ్ళే అంటిస్తున్నారు" అన్నారు. ఒక పొద్దున పంతులమ్మ తలుపు నిండా ఎవరో తారు పూసి పోయారు.

ఆ సాయంత్రం తమ్ముడు చొక్కా అయినా విప్పకుండా అక్క ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నిన్ను ఎప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"లేదురా."

"ఇప్పుడంటున్నా. ఇంట్లో పసిది ఉంది. ఆ ఇళ్ళకు వెళ్ళాలనుకుంటే వెళ్ళు, మళ్ళీ ఈ గడప తొక్కకు."

మరదలు అటు తిరిగి బట్టలు మడత పెడుతోంది. "వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది, తల తిప్పకుండానే.

బెదురమ్మ వెళ్ళనంది. పంతులమ్మకు కబురు పంపింది. సిగ్గుపడాల్సింది పోయి, ఆమెకు హాయిగా అనిపించింది. ఎన్నాళ్ళకో కడుపునిండా తిని పడుకుంది. తొమ్మిది రోజులు ఇల్లు కదలకుండా కాలర్లు కుట్టింది.

పదో రోజు తెల్లవారుజామున పాప నీళ్ళు మింగలేక ఏడ్చింది.

తమ్ముడు దీపం దగ్గరగా పట్టి పాప నోరు తెరిచి చూశాడు. లోపల బూడిదరంగు మచ్చ. బెదురమ్మ తన బట్టల అంచులు చూసుకుంది. వీటిలో పట్టుకొచ్చానా? తొమ్మిది రోజులు నక్కి కూర్చుందా అది? ఆ ఆలోచన ఆమెను పట్టుకుని వదల్లేదు.

సైరను మోగింది. తమ్ముడు బాయిలరు వదిలిపెడితే మిల్లే ఆగిపోతుంది, ఆపినవాణ్ణి మళ్ళీ గేటు లోపలికి రానివ్వరు. మరదలు మానేసినా ఆమె చోటులో ఇంకొకరు నిలబడతారు. తమ్ముడు మేకు మీది తాళంకప్ప తీశాడు.

"ఒరేయ్, తాళం వద్దురా" అంది బెదురమ్మ.

"ఇన్‌స్పెక్టరు తలుపులు తోసి చూస్తున్నాడక్కా. తాళం ఉంటే ఎవరూ లేరనుకుని పోతాడు. షెడ్డుకి పోతే పాప దక్కదు."

"నేను లోపల ఉండలేనురా. నీకు తెలుసుగా."

"తెలుసు" అన్నాడు. కళ్ళు తుడుచుకుని తలుపు లాగాడు. బయట తాళం పడిన చప్పుడు ఆమె పళ్ళలో వినపడింది.

గది చిన్నదైపోయింది. ఆమె గోడకు వీపు ఆనించి, కాళ్ళు దగ్గరకు లాక్కుని కూర్చుంది. పాప ఊపిరి ఈల వేస్తోంది. చెవులు మూసుకుంది, అయినా వినపడింది. లేచి పాప దగ్గరికి వెళ్ళాలని కాళ్ళకు చెబుతోంది, కాళ్ళు వినడం లేదు. పాప చేతులు చాచి, "అత్తా" అనబోతే గాలి మాత్రమే వచ్చింది. అప్పుడు లేచింది. లేచి పాపను ఎత్తుకుంది. చెయ్యి పట్టి చూసింది. వెచ్చగా ఉంది. మళ్ళీ చూసింది. ఆ పూటంతా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, ఆ చెయ్యి చల్లబడుతుందేమోనని.

ఎండ కిటికీ దాటేసరికి ఈల సన్నబడింది. పాప మెడ కింద గుంట ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి పోతోంది. బెదురమ్మ తలుపు దగ్గరికి వెళ్ళి, నేలకూ తలుపుకూ మధ్య సందు దగ్గర పడుకుని, కిందికి వినపడేలా పిలిచింది. అరిస్తే ఇన్‌స్పెక్టరు వింటాడు, మెల్లగా పిలిస్తే పంతులమ్మ వినదు. మూడోసారి కాస్త గట్టిగానే పిలిచింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఎవరికి?" అంది పంతులమ్మ గొంతు, తలుపుకు అవతల.

"పాపకండీ. ఊపిరి ఆడట్లేదండీ. నాకు భయంగా ఉందండీ. తలుపు తియ్యండీ."

"తాళంచెవి లేదమ్మా. రొట్టెలావిడకు కబురు పెడతాను. నేనెక్కడికీ పోను, ఇక్కడే కూర్చుంటాను. నేను చెప్పినట్టు చెయ్యి. పొయ్యి మీద నీళ్ళు పెట్టు."

పెట్టింది.

"పాపను పడుకోబెట్టకు. నిలువుగా ఎత్తుకో. ఆవిరి దగ్గరగా పట్టుకో, మొహం కాలకుండా. పైన దుప్పటి కప్పు, మీ ఇద్దరి మీదా."

దుప్పటి మాట వినగానే బెదురమ్మకు చెమటలు పట్టాయి. మూసిన గదిలో మళ్ళీ ఒక మూత. "నా వల్ల కాదండీ" అంది.

"సరే, నువ్వు బయట ఉండు, పాప మీద కప్పు. నాతో మాట్లాడుతూ ఉండు. ఏం కుడుతున్నావీ వారం?"

"కాలర్లండీ."

"ఎన్ని?"

దుప్పటి చివరికి ఆమె తన మీద కూడా కప్పుకుంది. లోపల చీకటి, ఆవిరి, పాప ఒంటి వేడి. అవతలనుంచి పంతులమ్మ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది, దారాల రంగులు, బొత్తాల సైజులు, అర్థంపర్థం లేని ప్రశ్నలు. బెదురమ్మ ఏడుస్తూనే జవాబులు చెప్పింది.

రొట్టెలావిడ బట్టీలో బొగ్గులు ఎగదోసే ఇనుపచువ్వతో వచ్చింది. వెంట డాక్టరు, ఆయాసపడుతూ. చువ్వ తాళంలో దూర్చి ఒక్క ఊపు ఊపేసరికి కొక్కెంతో సహా ఊడి నేల మీద పడింది. డాక్టరు పాప గొంతులోకి గొట్టం దింపాల్సి వచ్చింది. పాప తల కదలకుండా పంతులమ్మ పట్టుకుంది. గొట్టం దిగగానే పాప గట్టిగా దగ్గింది, సరిగ్గా పంతులమ్మ మొహం మీద. ఆవిడ తల తిప్పలేదు. తిప్పితే చేతులు కదులుతాయని.

సాయంత్రం తమ్ముడు వచ్చి, ఊడిన కొక్కేన్ని, నిద్రపోతున్న పాపను చూశాడు. తాళంకప్ప తీసి జేబులో వేసుకున్నాడు. "నీళ్ళు తాగిందా?" అని మాత్రం అడిగాడు. తాగిందని చెప్పాక గుమ్మంలోనే కూలబడ్డాడు. తాళం పగలగొట్టినవాళ్ళను గానీ, పగలగొట్టించిన అక్కను గానీ ఆ తర్వాత ఎప్పుడూ ఒక్క మాటనలేదు. పాపకు జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియలేదు. అది తన వల్లేననే అనుమానం బెదురమ్మను పూర్తిగా వదల్లేదు కూడా.

వారానికి పంతులమ్మకు గొంతుజ్వరం వచ్చింది. ఆరు వారాలు మంచంలో ఉంది. బెదురమ్మా రొట్టెలావిడా వంతులేసుకోకుండా ఇద్దరూ ఉన్నారు. బతికింది గానీ గొంతు పోయింది. ఆ తర్వాత ఆవిడ మాట చెవి దగ్గర పెడితేగానీ వినపడేది కాదు.

సరిగ్గా అప్పుడే బిషప్పుగారి ఇంటినుంచి పిలుపొచ్చింది, నియమాలు పరిశీలిస్తాం, రమ్మని.

పంతులమ్మ బెదురమ్మ చెవి దగ్గరికి వంగింది. "నువ్వే మాట్లాడాలి."

"నన్ను చంపెయ్యండి దానికన్నా" అంది బెదురమ్మ.

ఎత్తైన గది. పొడవాటి బల్లకు అవతల బిషప్పుగారి తరఫున పెద్ద ఫాదరు, ముందు గీతల నోటుపుస్తకం. బెదురమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఫాదరు మర్యాదగానే అడిగాడు.

"మీరు ఆరుగురు. ఒక్కొక్కరూ వెళ్తే ఆరిళ్ళు చూడొచ్చు. ఇద్దరిద్దరు వెళ్తే మూడే. మిగతా మూడిళ్ళవాళ్ళు ఏం కావాలమ్మా?"

లెక్కలో తప్పులేదు. బెదురమ్మ పంతులమ్మ వైపు చూసింది. ఆవిడ ఈమె వైపే చూస్తోంది.

"ఒక్కదాన్నే అయితే నేను వెళ్ళనండీ."

"ఎందుకని?"

"భయమండీ."

ఫాదరు కళ్ళద్దాలు తీశాడు. "దేవుడి పనికి వెళ్ళేవాళ్ళకు భయమేమిటి? ఆయన తోడుండడా?"

"ఉంటాడండీ. కానీ గిన్నె పట్టుకోమంటే పట్టుకోడు కదండీ."

అన్నాక గాని ఏమన్నదో తెలియలేదు. ఇప్పుడు లేచి బయటికి పొమ్మంటాడనుకుంది. ఫాదరు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "భయం లేనివాళ్ళనే చేర్చుకోవచ్చుగా?" అన్నాడు.

"అలాంటివాళ్ళను మా వీధిలో నేను చూడలేదండీ. పంతులమ్మగారికీ భయమేనండీ. లేకపోతే నన్నెందుకు పిలుస్తారు?"

ఆయన పంతులమ్మ వైపు చూశాడు. ఆవిడ నెమ్మదిగా తల ఊపింది.

ఇద్దరుగా వెళ్ళాలన్న నియమం ఉండిపోయింది. తలుపు తెరిచే ఉంచాలన్న దాన్ని మాత్రం ఫాదరు కొట్టేసి, అంటురోగమైతే దగ్గరగా వేయవచ్చు, గడియగానీ తాళంగానీ వేయకూడదు అని రాశాడు. సభకు అయిదేళ్ళ అనుమతి దొరికింది. తోడు సిస్టర్లని పేరు పెట్టారు. ఆ ఏడాదే ఆరుగురూ సిస్టర్లుగా దేవుడి ముందు ప్రమాణం చేసి మాటపట్టులు తీసుకున్నారు. బెదురమ్మ బూడిదరంగు అంగీలు ఆరూ తనే కుట్టింది.

పెద్ద ఫాదరు ముందు అంత మాట్లాడింది కదా, ఇక ఈమెకు భయం పోయిందని వీధి అనుకుంది. మాటపట్టులు తీసుకున్న పక్క వారమే బెదురమ్మ పారిపోయింది.

రంగుల విభాగంలో పనిచేసే ఒకతనికి జ్వరం తలకెక్కింది. రొట్టెలావిడ మంచం దగ్గర, బెదురమ్మ గుమ్మం దగ్గర ఉన్నారు. అతను ఉన్నట్టుండి లేచి, కుర్చీ ఎత్తి, కళ్ళు ఎర్రగా చేసుకుని వాళ్ళ మీదికి వచ్చాడు. బెదురమ్మ మెట్లు ఎలా దిగిందో తెలియదు. వీధి మలుపు దాకా పరుగెత్తాక, చెప్పు ఒకటే ఉందని చూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, రెండో మనిషి పైనే ఉందని.

అక్కడే గోడ పట్టుకుని నిలబడింది. ఇంటికి పోదామనుకుంది. నిజంగా నాలుగడుగులు ఇంటివైపు వేసింది కూడా. తర్వాత వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ కూర్చుని లేస్తూ పైకెక్కింది. లోపల అతను మంచం మీద పడి గురక పెడుతున్నాడు. రొట్టెలావిడ విరిగిన కుర్చీ కాలు చేత్తో పట్టుకుని, మంచం పక్కనే కింద కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వచ్చావా అక్కా. నీళ్ళకు వెళ్ళావనుకున్నా" అంది.

బెదురమ్మ ఆ సాయంత్రమే పంతులమ్మ దగ్గర ఒప్పుకుంది. నన్ను తీసెయ్యండి అంది. పంతులమ్మ చెవి దగ్గరికి రమ్మని సైగ చేసింది. "రేపు పొద్దున మూలింటికి నువ్వూ రొట్టెలావిడా, మీ ఇద్దరే" అని, తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు బెదురమ్మ ఆ పని చేసింది. సభ మరో నాలుగు ఊళ్ళకు పాకినా ఆమె ఆ వీధి దాటలేదు. పెద్దపదవి ఇస్తామంటే, ప్రసంగాలు చెయ్యాల్సి వస్తుందని ఏడ్చినంత పని చేసి తప్పించుకుంది. కొత్తగా చేరిన అమ్మాయిలు ఆమెతో వెళ్ళడానికి పోటీపడేవారు. ఆమె పక్కనుంటే తాము ధైర్యవంతుల్లా కనిపిస్తామని వాళ్ళ సరదా. ఆమెకు ఆ సంగతి తెలుసు. గుమ్మం ముందు ఆగి, ఊపిరి పీల్చుకుని, "నువ్వు ముందు నడువమ్మా" అనేది.